మక్పేలా పొలమును అబ్రాహాము కొన్నట్లు



పల్లెలో ఇంటి స్థలము గాని, కట్టిన ఇల్లు గాని కొనదలచిన కుటుంబము ముందుగా ఏమేమి చూచుకొనవలెను? ఈ నెల మనము ఆలోచింపబోవు సంగతి ఇదే. ఇది సంఘ పత్రికలో వ్రాయదగిన విషయమేనా అని కొందరు అనుకొనవచ్చును. మన సంఘములలో అనేక కుటుంబములు జీవితకాలములో ఒక్కసారి మాత్రమే ఇల్లు కొనగలవు. ఆ ఒక్కసారికై ఏండ్ల తరబడి కూడబెట్టిన కూలి డబ్బు, పాల డబ్బు, చీటీ డబ్బు, డ్వాక్రా అప్పు, కువైటులో పనిచేసిన తల్లి పంపిన సొమ్ము అంతయు ఒక్క పూటలో చేతులు మారును. ఆ సొమ్ము చిక్కులో పడినప్పుడు పిల్లల చదువు ఆగిపోవును, భార్యాభర్తల మధ్య సమాధానము పోవును, అన్నదమ్ములు ఒకే బల్ల మీద కూర్చుండుట మానుదురు. అట్టి ఇండ్లకు ఆదరణ చెప్పుటకు వెళ్లుట కాపరులమైన మాకు అలవాటైన పనియే. గృహప్రతిష్ఠ కూడికకు కాపరిని తప్పక పిలుతురు. అడ్వాన్సు ఇచ్చుటకు ముందు మాత్రము ఎవరినీ అడుగరు. ఈ క్రమము మారవలెనని మా ఆశ.

పరిశుద్ధ గ్రంథములో మొట్టమొదటి భూమి కొనుగోలు ఆదికాండము 23వ అధ్యాయములో ఉన్నది. శారా చనిపోయినప్పుడు ఆమెను పాతిపెట్టుటకు అబ్రాహామునకు సొంత స్థలము లేదు. ఆ దేశమంతయు ఇత్తునని దేవుడు వాగ్దానము చేసియున్నను, ఆయన ఆ మాటను అడ్డము పెట్టుకొని ఒక అడుగు నేలనైనను ఆక్రమింపలేదు. ఆయన నాలుగు పనులు చేసెను. ఊరివారి ద్వారా మనవి చేయించి, ఆ పొలమునకు సొంతదారుడైన ఎఫ్రోనుతోనే మాటలాడెను. ఊరకనే ఇచ్చెదనని ఎఫ్రోను అనినను వినక 400 తులముల వెండిని తూచి ఇచ్చెను. పొలము, అందులోని గుహ, హద్దులలోని చెట్లు అన్నియు ఆ కొనుగోలులో చేరినట్లు స్థిరపరచుకొనెను. ఇదంతయు ఊరి గవిని యొద్ద, పదిమంది చూచుచుండగా జరిగెను. ఈ నాలుగింటినే మన తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పల్లెలకు అన్వయించి చూతము.

1. అమ్ముచున్నవాడు సొంతదారుడేనా?

మన పల్లెలలో నేల చూచుటకు ఒకే రీతిగా ఉండును గాని కాగితములలో పలు రకములుగా ఉండును. మొదటిది సొంత పట్టా భూమి. రెండవది డి.కె.టి. పట్టా భూమి. అనగా భూమిలేని బీదవానికి ప్రభుత్వము సాగుకో ఇంటికో ఇచ్చినది. దీనినే అసైన్డు భూమి అందురు. మూడవది పొరంబోకు. అనగా చెరువు, వాగు, బాట, శ్మశానము, మేతబీడు వంటి ఉమ్మడి అవసరములకు విడిచినది. నాలుగవది గ్రామకంఠము, అనగా పాత ఊరి ఇండ్లున్న స్థలము. అయిదవది దేవస్థానములకు, మఠములకు, వక్ఫుకు చెందినది. తిరుపతి పరిసరములలో దేవస్థానపు భూములు, మఠపు భూములు విస్తారముగా ఉన్నవి గనుక ఇక్కడ కొనువారు మరింత మెలకువగా ఉండవలెను.

వీటిలో మన విశ్వాసులు ఎక్కువగా చిక్కుకొనునది డి.కె.టి. భూమిలోనే. 1977 నాటి అసైన్డు భూముల చట్టము ప్రకారము అట్టి భూమిని అమ్ముటయు కొనుటయు నిషేధము. కొన్నవాని యొద్దనుండి తహసీల్దారు దానిని తిరిగి తీసికొనవచ్చును. 2023లో ఈ చట్టమును సవరించి, అసైన్మెంటు పొంది 20 సంవత్సరములు దాటిన సాగు భూములకు కొన్ని షరతులతో అమ్ముకొను హక్కు కల్పించిరి. 2024లో ప్రభుత్వము మారిన పిదప అట్టి భూముల రిజిస్ట్రేషన్లను నిలిపి, మరల పరిశీలనకు ఆజ్ఞాపించిరి. కాబట్టి "ఇప్పుడు అన్నీ ఫ్రీ అయిపోయినాయి" అని బ్రోకరు చెప్పిన మాట మీద డబ్బు పెట్టవద్దు. మీరు కొనబోవు ఆ ఒక్క నెంబరు నేడు ఏ స్థితిలో ఉన్నదో తహసీల్దారు కార్యాలయములో అడుగవలెను. అది 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్నదో లేదో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో చూడవలెను. ఈ రెండు అడుగులకు ఒక దినపు కూలి పోవునేమో గాని, ఒక జీవితకాలపు కూలి మిగులును.

మాకు తెలిసిన ఒక కుటుంబములో తల్లి ఏడేండ్లు కువైటులో ఇంటిపని చేసి డబ్బు పంపినది. భర్త రోడ్డు ప్రక్కన అయిదు సెంట్లు కొన్నాడు. ప్రక్క స్థలము ధరలో అది సగమే. స్టాంపు కాగితము మీద అగ్రిమెంటు వ్రాసికొని పునాది కూడ వేసిన పిదప రిజిస్ట్రేషనుకు వెళ్లగా, అది డి.కె.టి. భూమి గనుక కాదన్నారు. "అయ్యగారూ, పెద్దమనుషుల ముందర రాసుకున్నాము, ఇంకేం గావల్ల?" అని ఆ సహోదరుడు అడిగినప్పుడు మాకు జవాబు కష్టమైనది. అమ్మినామె ఒక వృద్ధ విధవరాలు. వచ్చిన డబ్బు ఆసుపత్రికిని మనుమరాలి పెండ్లికిని అయిపోయినది. తిరిగి ఇచ్చుటకు ఆమె యొద్ద ఏమియు లేదు. కొన్నవాడును బీదవాడే, అమ్మినామెయు బీదరాలే. కమీషను తీసికొన్న బ్రోకరు మాత్రము వేరొక ఊరిలో వేరొక స్థలము చూపించుచున్నాడు.

ఆ స్థలము సగము ధరకు వచ్చుటకు కారణము హక్కు లేకపోవుటయే. ధర తక్కువయని ఎవరైనను చెప్పినప్పుడు, ఎందుకు తక్కువ అని అడుగుట మన మొదటి పని. మరియొక సంగతి కూడ గలదు. బీదవాని ఆఖరి ఎకరము ఆపదలో అన్యాక్రాంతము కాకూడదనియే ఆ చట్టము పుట్టినది. ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన సునాద సంవత్సరపు కట్టడలోని తలంపును ఇటువంటిదే; యాబదియవ ఏట ఎవరి స్వాస్థ్యము వారికి తిరిగి రావలెను. నాబోతు ద్రాక్షతోట అహాబునకు తన నగరు ప్రక్కన మిక్కిలి అనుకూలముగా కనబడెను. అనుకూలముగా ఉండుట హక్కు కానేరదు. బీదవాని అక్కరను చూచి అతని డి.కె.టి. భూమిని చవకగా వ్రాయించుకొనుట విశ్వాసికి తగదు. అట్టి వానికి సహాయము చేయదలచిన యెడల అప్పుగానో దానముగానో చేయవచ్చును.

గ్రామకంఠములోని పాత ఇంటికి పట్టాదారు పాసుపుస్తకము ఉండదు. అక్కడ పాత దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఇరుగుపొరుగువారి సాక్ష్యము చూడవలెను. 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకము క్రింద ఇట్టి ఇండ్లకు ఆస్తి కార్డులు ఇచ్చుచున్నారు. ఆ ఊరిలో కొలతలు జరిగినవా, కార్డు ఎవరి పేర వచ్చినదో విచారించండి.

సొంత పట్టాయే అయినను, అది అమ్ముచున్నవాని ఒక్కనిదేనా? తండ్రి గతించిన పిదప అన్నదమ్ములు మాత్రమే సంతకములు చేసి అమ్ముట మన ప్రాంతములో సాధారణము. హిందూ కుటుంబములలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును 2005 నాటి సవరణ దేశమంతట స్థిరపరచినది. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. వీలునామా లేక చనిపోయిన వాని ఆస్తిలో మూడవ వంతు భార్యకును, మిగిలిన రెండు వంతులు కుమారులకును కుమార్తెలకును సమానముగా చెందవలెను. కాబట్టి ఆడబిడ్డల సంతకము లేని దస్తావేజు రేపటి వ్యాజ్యమునకు విత్తనము. సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి అడిగినప్పుడు, వారు అడిగినది న్యాయమేనని దేవుడే చెప్పెను. కట్టుకానుకలు ఇచ్చినాము గనుక ఆమెకు ఇక ఏమియు లేదనుట లోకాచారమే గాని న్యాయము కాదు.

2. పూర్తి వెల

అబ్రాహాము పూర్తి వెల ఇచ్చెను. మనవారు స్థలము ధరను మాత్రమే లెక్కించి, మిగిలినది తరువాత చూచుకొందము అందురు. గోపురము కట్టువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానమును మరువరాదు. మన రాష్ట్రములో స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి సుమారు ఏడున్నర శాతము అగును. అయిదు లక్షల స్థలమునకు ఇది 37,500 రూపాయలు. దస్తావేజు వ్రాతకూలి, సర్వే రుసుము, కరెంటు మీటరు, బోరు, మట్టి తోలి మెరక చేయుట వేరు. ఈ మొత్తమునకు చాలక నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చితిమేని, నెలకు 4,000, సంవత్సరమునకు 48,000 వడ్డీయే అగును. అసలు అట్లే నిలిచియుండును. అంతకంటె ఒక సంవత్సరము ఆగి, చిన్న స్థలమే కొనుట జ్ఞానము.

చెల్లించిన దానికంటె తక్కువ మొత్తమును దస్తావేజులో వ్రాయించుట కూడ వాడుక. సుంకము తగ్గునని బ్రోకరు చెప్పును. రేపు తగాదా వచ్చిన యెడల దస్తావేజులో ఉన్న మొత్తము మాత్రమే మీరు ఇచ్చినట్లు అగును. అన్నిటికంటె ముఖ్యముగా, అబద్ధపు అంకె మీద నిలిచిన ఇంటిని ప్రభువునకు ప్రతిష్ఠించుట ఎట్లు? డబ్బును బ్యాంకు ద్వారా చెల్లించి, రసీదు పుచ్చుకొనుడి.

3. హద్దులు, దారి, నీరు

మక్పేలా దస్తావేజులో చెట్లు కూడ చేరెను. మన దస్తావేజులో చెక్కుబంది ఎట్లున్నది? నాలుగు ప్రక్కల ఎవరి భూమి ఉన్నదో కాగితములో చదివి, ఆ నలుగురితోను స్వయముగా మాటలాడుడి. కొలతలో కూడ మెలకువ అవసరము. తిరుపతిలో అంకణము అనిన 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72 చదరపు అడుగులు. సెంటు అనిన ఎక్కడనైనను 435.6 చదరపు అడుగులే. గనుక ధర మాటలాడునప్పుడు ఏ కొలతలో మాటలాడుచున్నారో తేల్చుకొని, సెంట్లలోను గజములలోను వ్రాయించుడి. సర్వేయరును పిలిచి, ఎఫ్.ఎం.బి. పటము ప్రకారము రాళ్లు పాతించుడి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన గ్రామములలో పాత సర్వే నెంబర్లకు బదులు ఎల్.పి.ఎం. నెంబర్లు వచ్చినవి, అచ్చట పాత నెంబరు, క్రొత్త నెంబరు రెండును చూడవలెను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరైనది గనుక పాత దస్తావేజులలో చిత్తూరు జిల్లా అని ఉండుట సహజమే. దానికి కంగారు పడనక్కరలేదు.

దారి సంగతి మరువకుడి. ఇప్పుడు ఎద్దులబండి పోవుచున్నదను మాట చాలదు. ఆ బాట ప్రభుత్వ బాటయా, లేక ఒకరి చేనిలోనుండి మొగమాటము కొద్ది పోనిచ్చుచున్నదా? మొగమాటము తండ్రితో పోవును. కుమారుడు కంచె వేయును. దారి హక్కు దస్తావేజులో వ్రాసియుండవలెను. లేఅవుటులో ప్లాటు కొనువారు అది అనుమతి పొందిన లేఅవుటేనా అని అడుగవలెను. తుడా పరిధిలోనైతే తుడా కార్యాలయములోనే విచారింపవచ్చును.

నీటిని రెండు విధములుగా చూడవలెను: అది దొరకునా, అది ముంచునా? పలమనేరు, కుప్పము, మదనపల్లె వైపు పడమటి మండలములలో వెయ్యి అడుగులు దాటినను నీరు పడని బోర్లు ఎన్నో ఉన్నవి. చుట్టుప్రక్కల బోర్లు ఎంత లోతున పడినవి, ఎండాకాలములో ఎన్ని గంటలు పోయుచున్నవి అని ఇరుగుపొరుగు స్త్రీలను అడుగుడి. నీళ్లు మోయువారికే నిజము తెలియును. 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము బోరునకు ముందుగా అనుమతి పొందవలెను. తరచు ఎండు ప్రాంతము గనుక మునుగదని తలంచుట పొరపాటు. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగి, తిరుచానూరు యొద్ద ఒడ్డున కట్టిన ఇండ్లు ఏటిలోనికి కూలినవి. ఆ వారమే రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్టకు గండి పడునేమోనని క్రింది గ్రామములవారిని ఖాళీ చేయించిరి. పదేండ్లు ఎండియున్న చెరువు లోపల కూడ ఇండ్ల ప్లాట్లు అమ్మువారున్నారు. చెరువు తన స్థలమును మరువదు. మనకు ఈశాన్య ఋతుపవనముల వాన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. వీలైన యెడల స్థలమును వేసవిలో ఒకసారి, ఆ వానలలో ఒకసారి చూచి కొనుడి. కౌండిన్య అభయారణ్యమునకు దగ్గరి పల్లెలలో కొనువారు ఏనుగులు వచ్చు దారిని కూడ అడిగి తెలిసికొనవలెను.

పాత మిద్దె కొనుచున్న యెడల గోడ అడుగున చెమ్మ, దూలములకు చెదలు, మిద్దె కారిన మరకలు చూడుడి. క్రొత్తగా సున్నము కొట్టిన గోడను మరింత జాగ్రత్తగా చూడుడి. మిద్దె మీద పిట్టగోడ ఉన్నదా? ఎవరును పైనుండి పడి ప్రాణము పోగొట్టుకొనకుండ ఇంటి కప్పునకు పిట్టగోడ కట్టించవలెనని ద్వితీయోపదేశకాండములోనే ఆజ్ఞ ఉన్నది. వేసవిలో పిల్లలతో మిద్దె మీద పండుకొను మనకు అది నేటికిని అవసరమే. వాస్తు భయముతో మంచి ఇంటిని విడుచుట, మంచి గోడను పగులగొట్టుట విశ్వాసులకు అక్కరలేదు. గాలి, వెలుతురు, నీరు పారు వాలు, మరుగుదొడ్డికిని బావికిని మధ్య తగిన దూరము, ఇవి చూచిన చాలును.

4. పదిమంది యెదుట

గవిని యొద్ద సాక్షుల యెదుట జరిగిన దానిని ఎవరును కాదనలేకపోయిరి. నేటి గవిని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయము. తెల్లకాగితము, నోటరీ అగ్రిమెంటు, జనరల్ పవరు ఆఫ్ అటార్నీ, వీటి వలన యాజమాన్యపు హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా తీర్పు చెప్పినది. కనీసము 30 సంవత్సరములకు ఈ.సీ. తీయించుడి. లింకు దస్తావేజులన్నియు అసలువి చూపించుమనుడి. జిరాక్సులు మాత్రమే చూపువాని అసలు కాగితములు బ్యాంకులోనో సొసైటీలోనో తాకట్టులో ఉండవచ్చును. అడంగలు, 1-బి నకళ్లలో అమ్మువాని పేరే ఉన్నదో చూడుడి.

యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొన్నప్పుడు సాక్షులచేత సంతకములు చేయించి, ముద్రవేసిన ప్రతిని, తెరచియున్న ప్రతిని రెండింటిని మంటికుండలో భద్రపరచుమని బారూకునకు అప్పగించెను. శత్రువులు పట్టణమును ముట్టడించియున్న దినములలో కూడ ఆయన కాగితములను నిర్లక్ష్యము చేయలేదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయములో మంటలు చెలరేగి భూముల దస్త్రములు కాలిపోయినవి. ప్రభుత్వము యొద్ద ఉన్నది గదా అని మనము ఊరకుండరాదని దీనివలన తెలియుచున్నది. రిజిస్టరు చేసిన దస్తావేజునకు ధ్రువీకరించిన నకలు తీసికొని, ఇంట ఒకటి, నమ్మకమైన బంధువు నొద్ద ఒకటి ఉంచుడి. రిజిస్ట్రేషనుతో పని ముగియలేదు. రెవెన్యూ రికార్డులలోను పంచాయతీ ఇంటి పన్నులోను పేరు మార్పించుకొనుడి.

చివరిగా, ఆ ఇల్లు ఎవరి పేర? భార్య కష్టము, ఆమె నగలు, ఆమె కువైటు జీతము చేరిన ఇంటికి ఆమె పేరు లేకపోవుట న్యాయము కాదు. ఇద్దరి పేర వ్రాయించుడి. భర్త ముందుగా ప్రభువునొద్దకు వెళ్లినను ఆమెను ఎవరును గడప దాటించలేరు.

ప్రియులారా, ఇదంతయు విని భయపడకుడి. అడ్వాన్సు ఇచ్చుటకు ముందు ఒక్క నెల గడువు అడుగుడి. "ఈ సాయంత్రమే ఇయ్యాల, లేకుంటే వేరే పార్టీ ఉంది" అని తొందరపెట్టువాని యొద్ద కొనకుండుటే మేలు. ఆ నెలలో కాగితముల నకళ్లు తీసికొని ఒక వకీలునకు చూపించుడి. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని, తక్కువ ఆదాయము గలవారికిని 1987 నాటి చట్టము క్రింద న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా సహాయము చేయును. కోర్టు ఆవరణలో అడిగిన చూపించుదురు. సంఘ పెద్దలారా, మీ సంఘములో చదువుకొన్న యువకులు ఇద్దరిని ఈ పనికి ఏర్పరచుడి. చదువురాని విధవరాలి తరపున తహసీల్దారు కార్యాలయమునకు వెళ్లి ఒక నెంబరు చూచి వచ్చుట కూడ పరిచర్యయే. సంఘ మందిరపు స్థలమునకు సంబంధించిన కాగితములను కూడ ఈ సందర్భములో ఒకసారి తీసి చూచుట మంచిది.

అబ్రాహాము ఆ దేశములో కొన్నది ఒక సమాధి స్థలము మాత్రమే. ఆయన చూపు దేవుడు కట్టిన పట్టణము మీద ఉండెను. అయినను ఆ చిన్న పొలమును ఎవరును ప్రశ్నింపలేనంత న్యాయముగా కొనెను. ఆయన కుమారుడు, మనుమడు దానిలో నిమ్మళముగా పాతిపెట్టబడిరి. మన పిల్లలకు మనము విడిచిపోవు ఇల్లు చిన్నదైనను అట్టిదై యుండవలెను. అందులో ఎవరి కన్నీరును ఉండరాదు, ఎవరి వాటాయు దాగియుండరాదు. అట్టి ఇంటిలో సాయంకాలము దీపము వెలిగించి కుటుంబ ప్రార్థనకు కూర్చుండు మీకందరికిని ప్రభువు తన సమాధానము దయచేయును గాక. ఆమేన్.